అమ్మవారు రాని మధ్యాహ్నం

పోయిన వారం విరుదునగర్ నుంచి మా అన్న అల్లుడు వచ్చాడు. నూనె మిల్లులో గుమాస్తా, నిదానస్తుడు, రెండుసార్లు చెబితే గాని కూర్చోడు. కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, చాలాసేపు తన అరచేతులు తనే చూసుకున్నాడు. ఆ తర్వాత అడిగాడు: "మామా, మా అత్త మీదికి అమ్మవారు వస్తా ఉండెనంట గదా. సాత్తూరులో రైలే నిలిచిపొయ్యెనంట. ఆ అమ్మే ఇప్పుడు నా ఇంటిదాని మీదికి వస్తా ఉండాదని మావోళ్ళు అంటా ఉండారు. డాక్టరేమో గుండె బాగుండాది, పొయ్యి నిదరపోమంటాడు. నాకి ఏమీ అర్తం కాలే. మీరు కండ్లతో చూసినోళ్ళు. నిజం చెప్పండి." నన్ను పట్టుకుని నిజం చెప్పమని అడిగిన మనిషి నా యాభై ఏళ్ళ బతుకులో అతనొక్కడే. కోవిల్‌పట్టిలో గానీ, చుట్టుపక్కల పల్లెల్లో గానీ నన్ను ఎరిగినవాళ్ళెవరూ ఆ పొరపాటు చేయరు.

ముందే ఒప్పుకుంటాను. రైలు ఆగిన కథ నేను కట్టిందే. దానికి ముందూ నేను చాలా కట్టాను. మా నల్లరేగడి చేలు ఎండాకాలం నెర్రెలిచ్చినప్పుడు ఒక దూడ నెర్రెలో పడిపోయి, మూడో రోజు ఎట్టయాపురం సంతలో లేచిందని చెప్పి, అక్కడ దాన్ని కొన్నవాడి మీసం ఎంత పొడుగో కూడా చెప్పాను. నెర్రెలు మాత్రం నిజం. చెయ్యి పెడితే మోచేయి దాకా పోయేది. నా అబద్ధాలన్నీ అంతే, అడుగున ఎక్కడో ఒక నెర్రె నిజంగానే ఉంటుంది. దానికి మావాళ్ళు నన్ను తిట్టేవాళ్ళు కారు. పత్తి ఏరే పని ఉన్న సాయంత్రాల్లో పిలిచి మధ్యన కూర్చోబెట్టుకునేవాళ్ళు. చేతులు పనిలో ఉన్నప్పుడు చెవులకు కూడా తిండి కావాలి గదా. అల్లుడు వెళ్ళిపోయాక ఈ ఒక్కటి మాత్రం రాసి పెట్టాలనిపించింది. మాది అరవనాడు, మా ఇళ్ళలో తెలుగు నోటికే గాని చేతికి రాదు. ఆదోనిలో ఒక పత్తి వ్యాపారి కొట్లో పనిచేసిన ఆరేళ్ళలో నాకు ఈ అక్షరాలు అబ్బాయి. అక్కడివాళ్ళు నా మాట విని, నువ్వు మా ముత్తాత లాగా మాట్లాడతావే అని నవ్వేవారు. ఇది చదివి మళ్ళీ నవ్వుకున్నా ఫరవాలేదు.

మా ఊరు కోవిల్‌పట్టికి తూర్పున, రెండు గంటల బండి దూరం. అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది, నాయన ఆ తర్వాత నాలుగేళ్ళకు. అన్ననూ నన్నూ పెంచింది అవ్వ, మా నాయన తల్లి. ఇప్పటికీ తెల్లవారుతూ కళ్ళు తెరవకముందే నా ముక్కుకు ఆ ఇంటి వాసన తగులుతుంది: రాత్రంతా నానిన పత్తిగింజలు ఎద్దులకోసం రుబ్బుతుంటే వచ్చే పాలవంటి వాసన, ఆముదం దీపం ఆర్పిన పొగ, చల్లలో కలిపిన సజ్జ గంజి పులుపు. ఎద్దులకు పెట్టే ముందు ఆ రుబ్బును అవ్వ వేలితో నాకి చూసేది. మనుషుల గంజి రుచి మాత్రం ఎప్పుడూ చూడలేదు. ఎద్దు నోరు తెరిచి చెప్పలేదు, మీకేం, నోళ్ళున్నాయి గదా, అనేది. పళ్ళు లేవు గనక ఆమెకు తాంబూలం దంచుకోవడానికి చిన్న ఇనప రోలు ఉండేది. ఆ రోటి చప్పుడును బట్టి ఇంటి వాతావరణం మాకు తెలిసేది. టకటకా దంచితే ఎవరికో మూడింది. నిదానంగా దంచితే ఆలోచిస్తోంది. చప్పుడు ఆగిపోతే అందరం ఎక్కడివాళ్ళం అక్కడే నిలబడిపోయేవాళ్ళం.

ఆ ఇంట్లోకి గురువమ్మ వదిన వైకాసి నెలలో, నడి ఎండల్లో వచ్చింది. ఆమెది వత్రాప్, పడమటి కొండల కింద ఊరు. అక్కడ కాలువలు, మామిడి తోపులు, ఎక్కడ చూసినా నీడ. మా ఊళ్ళో నీడ కావాలంటే బండి కింద దూరాలి. ఆమెకు పంతొమ్మిదేళ్ళు, నాకు పద్దెనిమిది. వచ్చిన మూడో రోజే నా దూడ కథ విని, "ఆ దూడ ఎట్టయాపురంలో లేచినప్పుడు దానికి దప్పిక అయ్యుంటాదే, ఎవరైనా నీళ్ళు పెట్టినారా మరిదీ?" అని అడిగింది. నాకు ఆ కథలో ఆ సంగతి తట్టనే లేదు. నా అబద్ధాన్ని నవ్వకుండా విని, పైగా సరిదిద్దిన మొదటి మనిషి ఆమె. అప్పటినుంచీ ఏ కథయినా ముందు వదిన దగ్గర చెప్పి చూసుకునేవాణ్ణి. నన్ను ఆమె సీనప్పా అని పిలిచేది.

కొత్త పెళ్ళికూతురిని ఆడి నెలలో, మీ ఆషాఢంలో, పుట్టింటికి పంపడం మా ఆచారం. అన్నకు చేలో పని. తోడు నేను వెళ్ళాలని అవ్వ అంది. కోవిల్‌పట్టిలో రైలెక్కి విరుదునగర్‌లో దిగి (మావాళ్ళింకా విరుదుపట్టి అనే అనేవాళ్ళు), ఆ రాత్రి వదిన పెద్దమ్మ ఇంట్లో ఉండి, మర్నాడు పడమటి రైల్లో కొంత, బండిలో కొంత పోతే వత్రాప్. వదినకు అదే మొదటి రైలు. ఎక్కేటప్పుడు ఎంత సంబరంగా ఉందంటే, మూటలోంచి సజ్జ బూరెలు తీసి పక్కనున్నవాళ్ళకు కూడా పంచింది. పెట్టె నిండా జనం. మిరపకాయల గంపలు, కోళ్ళు, నిద్రపోయే ముసలివాళ్ళు. అరగంట గడిచి ఉంటుంది. వదిన నా మణికట్టు పట్టుకుంది. ఆ పట్టు ఎలాంటిదో చెప్పడానికి నా దగ్గర మాట లేదు.

"సీనప్పా, బండి నిలపమను."

"ఏంటికి వదినె?"

"నేను సచ్చిపోతా ఉండా."

ఉప్పు అయిపోయింది అన్నంత మామూలుగా అంది. ముఖం మాత్రం గోడకు వేసిన సున్నంలా ఉంది. చెమటలు, వణుకు, ఊపిరి లోపలికి పోతోంది గాని బయటికి రావడం లేదన్నట్టు నోరు తెరిచి మూస్తోంది. చేతులు తిమ్మిరెక్కాయి, ఇవి నా చేతులు కావు అంది. గుండె కొట్టుకోవడం చీర మీది నుంచే కనబడింది. నాకు తోచింది నేను అన్నాను, ఏమైంది ఏమైంది అని. అందరూ అదే అన్నారు. ఒకామె మూర్ఛ అంది. ఇంకొకామె దయ్యం అంది. మిరపకాయల గంప పక్కన కూర్చున్న పెద్దమనిషి కాళ్ళు ముడుచుకుని, పిచ్చిదాన్ని రైలెక్కించొచ్చా, దింపెయ్యండి అన్నాడు. ఆ మాటకు వదిన కళ్ళెత్తి నాకేసి చూసింది. నాకు ఇంకేమీ తట్టలేదు. నాకు చేతనైన పని ఒకటే. "పెద్దాయనా, నోరు జాగర్త. మా వదినె మీదికి అమ్మ వచ్చుండాది" అన్నాను.

చూడండి, ఆ ఒక్క మాటకు పెట్టెలో సగం బెంచీ ఖాళీ అయింది. కిటికీ దగ్గరివాళ్ళు జరిగారు, గాలి వచ్చింది. పిచ్చిది అన్నాయన తలపాగా తీసి లెంపలు వేసుకున్నాడు. ఎవరో డబ్బా మూత మీద కర్పూరం వెలిగించారు. ఇంకొకరు దాన్ని ఆర్పాలని ఊదడం మొదలుపెట్టారు. అంతలో సాత్తూరు వచ్చింది, రోజూ ఆగే రైలు రోజులాగే ఆగింది, గార్డు వచ్చి రైల్లో నిప్పు పెడతారా అని మమ్మల్ని తిట్టాడు. ఆపాటికి వదిన ఊపిరి నెమ్మదించింది. ఒళ్ళంతా పిండేసిన బట్టలా ఒరిగి కూర్చుంది. విరుదునగర్‌లో, పెద్దమ్మ ఉండే మిరపకాయల వీధిలో, రాత్రంతా ఆమె దగ్గింది. అది మిరప ఘాటు అనుకున్నాను. మర్నాడు పడమటి రైలు ఎక్కబోతుంటే ప్లాట్‌ఫారం మీదే మళ్ళీ వచ్చింది. "ఒద్దు సీనప్పా. ఈ మొకంతో మా అమ్మ ముందర పోలేను. ఇంటికి పోదాం" అంది. పెద్దమ్మ బండి కట్టించింది. రెండు రోజుల దారి. బండిలో వదిన వెనక్కి తిరిగి కూర్చుంది, కొండలు ఎటు ఉన్నాయో అటు.

ఇంటికి రాగానే అవ్వ ఎందుకు తిరిగొచ్చారని అడిగింది. వదిన నేలకేసి చూసింది. నేను చెప్పాను. నా కథలో ఇంజను సాత్తూరు దగ్గర మూడుసార్లు కూత పెట్టింది. చక్రాలు తిరుగుతాయి గాని రైలు కదలదు. డ్రైవరు దిగొచ్చి అమ్మ పాదాల దగ్గర నిమ్మకాయ పెట్టాక గాని బయలుదేరలేదు. అవ్వ రోటి చప్పుడు ఆగింది. అబద్ధం అనలేదు, నిజం అనీ అనలేదు. "పిల్ల ఏమి తినింది?" అని మాత్రం అడిగింది. మూడు రోజుల్లో ఆ కథ నాకంటే ముందు నాగలాపురం దాకా పోయి, అక్కడినుంచి ఇంకో రెండు నిమ్మకాయలు చేర్చుకుని తిరిగి వచ్చింది.

ఆ తర్వాత అది ఇంటికే వచ్చేది. బావి దగ్గర, రోటి దగ్గర, ఒకసారి ఊరికే తల దువ్వుకుంటుండగా. ఎప్పుడు వస్తుందో తెలియదు, ఎందుకు వస్తుందో తెలియదు. ఇప్పుడు రాదు గదా అనుకుంటే వస్తుంది. ఎవరికి తెలిసిన మందు వాళ్ళు చేశారు. చేతిలో ఇనప తాళంచెవి పెట్టారు. ఉల్లిపాయ చితగ్గొట్టి ముక్కు దగ్గర పెట్టారు. ముఖాన నీళ్ళు కొట్టారు. దిష్టి అని ఎవరో నిప్పుల్లో మిరపకాయలు వేశారు. అసలే ఊపిరాడనిదాన్ని ఆ పొగలో కూర్చోబెడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పదిమంది చుట్టూ మూగి ధైర్యం చెప్పారు. ధైర్యం చెప్పేవాళ్ళు ఎక్కువయ్యేకొద్దీ వదిన కళ్ళల్లో భయం ఎక్కువయ్యేది. మా అన్న మంచివాడు, మాట తక్కువ. వదినకు అది రాగానే అతను కొట్టంలోకి పోయి ఎద్దులను విప్పేవాడు. అప్పుడే తాగొచ్చిన ఎద్దులను మళ్ళీ నీళ్ళకు తోలుకుపోయేవాడు. ఆ నెలల్లో మా ఎద్దులు తాగినన్ని నీళ్ళు జిల్లాలో ఏ ఎద్దూ తాగి ఉండదు.

ఐప్పసి మా వానల నెల. ఆ ఏడు ఐప్పసి సగమైనా మబ్బు లేదు. విత్తనం వెయ్యాలా ఆగాలా అని ఊరి పెద్దలు మా వాకిట్లో కూర్చుని మాట్లాడుకుంటుండగా, మజ్జిగ ఇవ్వడానికి వచ్చిన వదినకు అది వచ్చింది. చెంబు జారింది. వణికే చేతులు ముందుకు చాచి గాలిలో దేన్నో పట్టుకోబోయింది. పెద్దలందరూ లేచి నిలబడి నాకేసి చూశారు. రైలు కథ చెప్పినవాణ్ణి నేనే గనక, అమ్మ భాష నాకే తెలుసునని వాళ్ళ లెక్క. నేనూ ఊరుకోలేదు. వదిన వేళ్ళు చూసి, "ఎనిమిది దినాల్లో వాన అంటా ఉండాది" అన్నాను. పొద్దున్నే పుట్టల్లోంచి ఉసుళ్ళు లేవడం నేను చూశాను. ఐప్పసిలో వాన రాక ఇంకెప్పుడు వస్తుంది? ఏడో రోజు వాన పడింది. ఎంత వాన అంటే... లేదు, మామూలు వానే పడింది. కానీ పడింది. ఆ మరుసటి శుక్రవారం మా వాకిట్లో పదిహేడు మంది కూర్చుని ఉన్నారు, ఎద్దు తప్పిపోయినవాళ్ళు, పిల్లకు సంబంధం కుదరనివాళ్ళు. వదిన తలస్నానం చేసి, పసుపు రాసుకుని పీట మీద కూర్చోవాలి. అమ్మ వస్తుందా రాదా అని అందరూ ఆమె ముఖమే చూస్తారు. అలా చూస్తే ఎవరికి మాత్రం రాదు?

తై నెల, సంక్రాంతి నెల, పోయాక కోడంగి వచ్చాడు. కోడంగి అంటే ఉడుకు అనే చిన్న చేతి డమరుకం వాయిస్తూ సోది చెప్పేవాడు. మా పల్లెల్లో అతని మాటకు ఎదురు లేదు. అతను చూసి, అమ్మ ఈ పిల్లను కోరుకుందని తేల్చాడు. ఎండలు ముదిరే పంగుని నెలలో, అమ్మ గుడి పొంగలినాడు, మధ్యాహ్నం, ఊరందరి ముందూ ఉడుకు మీద అమ్మను పిలుస్తాడు. అమ్మ దిగగానే వదిన మెడలో వేపమాల, కాలికి అందె వేస్తారు. అంతటితో ఆమె అమ్మ మనిషి. మొగుడి పక్క ఉండకూడదు, ఇంకొకరి ఇంట తినకూడదు, ఊరి పొలిమేర దాటకూడదు. వత్రాప్ ఇక లేదు. అన్న ఆ రోజు కూడా ఎద్దులను విప్పాడు. ఈసారి చీకటి పడేదాకా తిరిగి రాలేదు.

నేను పెద్దల దగ్గరికి వెళ్ళి, రైలు కథ అబద్ధం, వాన మాట అబద్ధం, అమ్మ వచ్చిందని నేను కల్పించాను అని చెప్పేశాను. జీవితంలో మొదటిసారి వరసగా మూడు నిజాలు చెప్పాను. కోడంగి నవ్వాడు. "ఏమప్పా సీనా, ఇంత కాలానికి నీ నోట్లోంచి ఒక్క నిజం వచ్చింది. అమ్మే పలికించింది. దాన్ని కూడా అబద్దం చేస్తావా?" అన్నాడు. అందరూ తలలూపారు. నా మాట మీద నమ్మకం లేనందువల్లే నా అబద్ధం మీద వాళ్ళకు నమ్మకం కుదిరింది. దీన్ని ఎలా విప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు. అన్నకు చెప్పాను. అతను కాడి పక్కన పెట్టి అడిగాడు:

"అబద్దమా?"

"అవునన్నా."

"అట్లయితే దానికి వచ్చేది ఏంది?"

"తెలీదు."

"తెలీనోడివి అప్పుడేంటికి చెప్తివి? ఇప్పుడేంటికి చెప్తా ఉండావు?"

వదిన దగ్గరికి పోయాను. ఆమె పత్తిగింజలు రుబ్బుతోంది. నేను అంతా చెప్పేశానని చెబితే సంతోషిస్తుందనుకున్నాను. పొత్రం ఆపి నన్ను చూసింది. "ఎవురు చెప్పమనిరి నిన్ను? అమ్మ కాదని తేలిపోతే నేనేంది? పిచ్చిదాన్ని. అమ్మ అంటే చెయ్యెత్తి మొక్కుతారు. పిచ్చి అంటే బండి కట్టి మా ఇంటి ముందర దించేసి వస్తారు. నాకి వత్రాప్ పోవాలని ఆశే సీనప్పా. అట్ల కాదు." కాసేపు రుబ్బింది. నేనే అడిగాను, నీకేమనిపిస్తాది వదినె, అమ్మేనా అది, అని. "వచ్చినప్పుడు సావు అనిపిస్తాది. పొయ్యినాక సిగ్గు అనిపిస్తాది. అమ్మ వచ్చి పోతే సిగ్గు ఏంటికి?" అంది. మళ్ళీ, "ఏమో, అమ్మేనేమో. నాకి మాత్రం ఏమి తెలుసు" అంది. మాల పడితే మొగుడూ పుట్టిల్లూ పోతాయి, పడకపోతే పిచ్చిదన్న పేరు మిగులుతుంది. ఆ రెండింటి మధ్య ఆమెను ఇరికించినవాణ్ణి నేను. "ఏమి చెయ్యమంటావు?" అన్నాను. "ఆ పొద్దు నా పక్కన ఉండు. కత చెప్పొద్దు. ఏమైంది అని అడగొద్దు. ఊరికే ఉండు" అంది.

పొంగలినాడు ఎండ మండిపోతోంది. గుడి ముందు పందిరి కింద వదినను పీట మీద కూర్చోబెట్టారు. పళ్ళెంలో వేపమాల, అందె, పక్కన పొంగలి కుండ. ఊరంతా వచ్చింది. నేను ఆమెకు మూరెడు దూరంలో నిలబడ్డాను. కోడంగి ఉడుకు మొదలుపెట్టాడు. ఆ చప్పుడు మామూలు డప్పులా చెవిలో పడదు, రొమ్ములో పడుతుంది. వదిన కళ్ళు మూసుకుంది. తర్వాత నాతో చెప్పింది: ఆ రోజు ఆమె నిజంగానే పిలిచిందట. రాకపోతే ఊరి ముందు దొంగ అవుతుంది, పిచ్చిది అవుతుంది. వస్తే వచ్చిందని లోపల వాకిలి తీసి పెట్టుకుని, రా, రా, అని కూర్చుందట. రాలేదు. కోడంగి జోరు పెంచాడు. చెమటతో అతని విభూతి కారిపోయింది. వదిన ఊపిరి ఊయలలా మెల్లగా ఊగుతోంది. ఆడి నెల నుంచీ ఆమె ముఖం అంత నింపాదిగా నేను చూడలేదు. ఒక ఘడియ గడిచింది. జనంలో గుసగుసలు. ఎవరో, "సీనా, అమ్మకు చెప్పప్పా, పొద్దు వాలిపోతా ఉండాదని" అన్నారు. నవ్వులు.

ఆ నవ్వులు నాకు ఎక్కడో దూరం నుంచి వినపడ్డాయి. ఉడుకు చప్పుడు బయట ఆగి నా లోపల మొదలైందనిపించింది. పందిరి కిందికి దిగినట్టయింది. గాలి ఉంది, నా దాకా రావడం లేదు. చేతులు మొద్దుబారాయి, చూసుకున్నాను, అవి ఎవరివో. ఇంకొక్క క్షణంలో చచ్చిపోతాను అని నాకు తెలిసింది. అనుకోవడం కాదు, తెలిసింది. మోకాళ్ళు విరిగి పడ్డాను. నోరు తెరిచి మూస్తున్నాను. ఊరంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. నేను వేషం వేస్తున్నాననుకున్నారు. "వీడి మీదికి అమ్మ రావాలంటే ముందు అమ్మకి మతి పోవాల" అని ఎవరో అన్నారు. ఆ మాటకు ఆడవాళ్ళు కూడా కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. నేను నిజంగా చచ్చిపోతున్నానని చెప్పాలి. ఎవరికి చెప్పను, ఎవరు నమ్ముతారు? వదిన పీట దిగింది. పళ్ళెం దాటి వచ్చి నా పక్కన నేలమీద కూర్చుంది. ఏమైంది అని అడగలేదు. నా చెయ్యి తన మోకాలి మీద పెట్టుకుంది. "సావవు. ఇది పోతాది. నేను ఈడనే ఉండా" అంది. కాసేపాగి మళ్ళీ అదే అంది, అదే గొంతుతో. నవ్వేవాళ్ళు నవ్వారు, ఆపేవాళ్ళు ఆపారు. అది నెమ్మదిగా, ఎలా వచ్చిందో అలాగే, ఏ కారణం చెప్పకుండా పోయింది.

లేచి చూసేసరికి ఉడుకు ఆగి ఉంది. కోడంగి ఒకసారి వదినను, ఒకసారి నన్ను, ఒకసారి ఆకాశాన్ని చూశాడు. అతనికీ పాపం ఏమీ తోచలేదు. అప్పుడు అవ్వ జనాన్ని తోసుకుని వచ్చింది. "అమ్మ వచ్చుండె, చూసె, చల్లబడె, పొయ్యె. అంతే గదా కోడంగీ?" అంది. అది అడగడం కాదని అతనికీ తెలుసు. "అంతే అవ్వా, చల్లబడిపొయ్యె" అన్నాడు. "మాల కుండకి ఏసెయ్. మా పిల్ల ఎండకి వాడిపొయ్యింది, తినిందో లేదో. ఇంటికి పోనీ." దొంగ అన్నవాళ్ళు లేరు, పిచ్చి అన్నవాళ్ళు లేరు. అమ్మ చల్లబడి వెళ్ళిపోయిన మనిషిని ఎవరు ఏమంటారు? అవ్వకు ఎంత తెలుసో, ఎప్పటినుంచి తెలుసో నేను చివరిదాకా కనుక్కోలేకపోయాను. మా ఇంట్లో అందరికంటే పెద్ద కథ కట్టింది ఆమేనేమో అని ఒక్కోసారి అనిపిస్తుంది.

వదినకు అది పూర్తిగా పోలేదు. నాకూ పోలేదు, ఆదోనిలో రెండుసార్లు వచ్చింది, మొన్న మధురై బస్సులో వచ్చింది. మరుసటి ఆడికి వదినను రైల్లోనే వత్రాప్ తీసుకుపోయాం, ఈసారి అన్న కూడా వచ్చాడు. దారిలో ఆమెకు అది రానే వచ్చింది. రైల్లో విప్పడానికి ఎద్దులు లేవు గనక అన్న కూర్చున్నాడు. ఊరికే, ఆమె పక్కన, పెద్దగా ఊపిరి పీలుస్తూ కూర్చున్నాడు. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళు అలాగే కూర్చున్నాడు. వదిన పోయి రెండేళ్ళయింది. పోయింది దీంతో కాదు, కామెర్లతో. ఇన్నిసార్లు చస్తానన్న మనిషి నిజంగా చావొచ్చినప్పుడు ఏమాత్రం భయపడలేదు. అదీ నాకు అర్థం కాలేదు. ఇప్పుడు విరుదునగర్‌లో పెద్ద డాక్టర్లున్నారు. గుండె గీతలు కాగితం మీద గీసి చూపిస్తారు, నరాల బలహీనత అంటారు, మాత్రలిస్తారు. మంచిదే. ఆ కాలంలో ఇవి ఉంటే వదిన అంత ఎండలో పీట మీద కూర్చునేది కాదు. కానీ ఆ రోజుల్లో ఇంటినిండా మనుషులుండేవాళ్ళు, ఎవరికీ ఏమీ తెలియకపోయినా. ఇప్పుడు మాత్ర ఇచ్చి ఒంటరిగా పడుకోమంటారు. ఏది మేలో నేను తేల్చలేను. అల్లుడికి ఇదంతా చెప్పాను. "అట్లయితే అమ్మ కాదా మామా?" అన్నాడు. తెలీదన్నాను. "పిచ్చి?" కాదన్నాను. "మరేంది?" దానికీ తెలీదన్నాను. డాక్టరు మాట విను, మాత్రలు వెయ్యి, వచ్చినప్పుడు మాత్రం పక్కన కూర్చో, ఏమీ అడగొద్దు అన్నాను. అతను తల ఊపాడు గాని, పెద్ద కథలవాడు తన దగ్గర ఏదో దాచాడనుకునే బస్సెక్కాడు.

పొంగలినాడు గుడి నుంచి ఇంటికి వదినా నేనూ కలిసే నడిచాం. ఎండ తగ్గుతోంది. నా కాళ్ళు ఇంకా నావి కాలేదు. పత్తి తీసేసిన చేలు, మోడులు, నల్లని దుమ్ము. బావి మలుపు దగ్గర, నాకేసి చూడకుండా, "ఎట్ల ఉండె సీనప్పా?" అని అడిగింది.

నేను చెప్పబోయాను. దేన్నయినా చెప్పగలవాణ్ణి గదా. ఉడుకు అన్నాను, కాదు అన్నాను. పందిరి అన్నాను, ఆగిపోయాను. నూతిలో అన్నాను, అదీ కాదు.

"తెలీలే వదినె" అన్నాను.

ఆమె నిలబడిపోయింది. ఇన్ని నెలలుగా ఎవరో ఒకరు అంటారని చూస్తున్న మాట విన్నట్టు నన్ను చూసింది.

"ఆ," అంది. "అదే."